రుడాల్ఫ్ డీజిల్

డీజిల్ అను మాట విననివారు నేడు పల్లెలలో సైతము అరుదు. పొలమునకు నీరు తోడు యంత్రమునకు, బాటపై పోవు లారీకి, గూడ్సుబండిని లాగు రైలింజనుకు ఆ పేరు కలదు. వానిలో పోయు నూనెకును అదే పేరు. కాని అది మొదట నూనె పేరు కాదు, యంత్రము పేరును కాదు. ఒక మనుష్యుని యింటిపేరు. పేదయింట పుట్టి, విద్యచే పైకి వచ్చి, లోకమునకు ఒక గొప్ప యంత్రము నిచ్చి, దాని ఫలమును పూర్తిగా చూడకయే కన్నుమూసిన రుడాల్ఫ్ డీజిల్ చరిత్రము తెలిసికొనదగినది.

రుడాల్ఫ్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన ఫ్రాన్సు రాజధానియగు పారిస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు జర్మనులు. తండ్రి థియొడోర్ బవేరియా రాజ్యమందలి ఆగ్స్‌బర్గు పట్టణపువాడు. అతడు బ్రతుకుతెరువు వెదకుకొనుచు పారిస్ చేరి, తోలుతో సంచులు మున్నగు వస్తువులు చేసి అమ్ముచుండెను. సంపాదన స్వల్పము. బాలుడైన రుడాల్ఫ్ సిద్ధమైన సరకును తోపుడుబండిపై పెట్టుకొని కొనినవారి యిండ్లకు చేర్చి వచ్చుచుండెను. తీరిక దొరకినప్పుడెల్ల ఆ నగరమందలి యంత్రప్రదర్శనశాలకు పోయి అందలి పాత యంత్రములను తనివితీర చూచుచుండెను. క్యూన్యో అను ఫ్రెంచి యింజనీరు 18వ శతాబ్దమున నిర్మించిన ఆవిరిబండి అందు భద్రపరుపబడి యుండెను. ఆ బాలుని మనస్సు చిన్ననాటనే యంత్రములపై లగ్నమయ్యెను.

1870వ సంవత్సరమున ఫ్రాన్సునకును జర్మను రాజ్యములకును యుద్ధము సంభవించెను. పారిస్ లోని జర్మనులు నగరము విడిచి పోవలసివచ్చెను. డీజిల్ కుటుంబము లండన్ చేరెను. అచ్చట పూట గడచుటయే కష్టమయ్యెను. అందుచే తల్లిదండ్రులు పండ్రెండేండ్ల కుమారుని ఒంటరిగా ఆగ్స్‌బర్గులోని బంధువుల యింటికి పంపిరి. ఆ యింటి యజమానియగు బార్నికెల్ గణితోపాధ్యాయుడు. ఆయన నీడలో రుడాల్ఫ్ శ్రద్ధతో చదువసాగెను. పదునాలుగవ యేట తాను ఇంజనీరు కావలెనని నిశ్చయించుకొని ఆ సంగతి తల్లిదండ్రులకు వ్రాసెను.

ఆ పిల్లవాడు చదువులో మొదటివాడుగా నిలుచుచు వచ్చెను. 1875లో మ్యూనిక్ నగరమందలి సాంకేతిక కళాశాలవారు అతనికి విద్యార్థివేతనము నొసగిరి. యింటి పరిస్థితిని బట్టి అతడు చదువు చాలించి ఏదేని పనిలో చేరుట మేలని తల్లిదండ్రులు తలచిరి. రుడాల్ఫునకు వారి కష్టము తెలియనిది కాదు. అయినను విద్యను విడువలేక అతడు మ్యూనిక్ చేరెను.

అచ్చట కార్ల్ లిండె అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు ఆచార్యుడు. ఆయన ఒకనాడు ఆవిరియంత్రమును గూర్చి బోధించుచు, బొగ్గు కాల్చగా పుట్టిన వేడిలో పదవవంతు మాత్రమే, ఒక్కొక్కప్పుడు అంతకన్న తక్కువయే, పనిగా మారుచున్నదని తెలిపెను. తక్కినదంతయు పొగతోను ఆవిరితోను వృథాగా పోవుచుండెను. అనగా, నూరు బండ్ల బొగ్గును గనినుండి త్రవ్వి తెచ్చి కాల్చినచో తొంబది బండ్ల బొగ్గు గాలిలో కలసిపోవుచుండెనన్నమాట. ఆ కాలమున మిల్లులు, ఓడలు, రైళ్లు సమస్తమును ఆవిరిచేతనే నడచుచుండెను. లోకమంతయు అలవాటుపడిన ఈ నష్టమును రుడాల్ఫ్ సహింపలేకపోయెను. ఇంతకన్న మేలైన యంత్రమును కనిపెట్టవలెనని ఆనాడే సంకల్పించెను.

సంకల్పము సిద్ధించుటకు పెక్కేండ్లు పట్టెను. 1879లో పరీక్షల వేళ అతనికి సన్నిపాతజ్వరము వచ్చెను. మరుచటి పరీక్ష వచ్చులోపల స్విట్జర్లాండులోని వింటర్‌టూర్ పట్టణమున సుల్జర్ సోదరుల కర్మాగారములో పని నేర్చుకొని, 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. తరువాత లిండె శీతలయంత్రములను నిర్మించు సంస్థలో చేరి, పారిస్ లో మంచుగడ్డ తయారుచేయు కర్మాగారమును నడపెను. 1883లో మార్తా అను యువతిని వివాహమాడెను. వారికి ముగ్గురు బిడ్డలు కలిగిరి. 1890లో కుటుంబముతో బెర్లిన్ చేరెను. పగలు ఉద్యోగము, తీరికవేళ పరిశోధన. ఆవిరికి బదులు అమోనియా వాయువుతో నడచు యంత్రమునకై చిరకాలము శ్రమించెను గాని అది ఫలింపలేదు.

చివరకు మార్గము తోచెను. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట అందరు నెఱిగినదే. గాలిని నొక్కినకొలది దాని వేడి హెచ్చును. డీజిల్ ఆలోచనకు ఇదియే మూలము. సిలిండరులోనికి ముందు గాలిని మాత్రమే తీసికొనవలెను. పిస్టను అను కదలు బిరడాతో దానిని మిక్కిలి చిన్న చోటికి నొక్కవలెను. గాలి బాగుగా కాగిన క్షణమున ఇంధనమును అందులోనికి చిమ్మవలెను. అప్పుడు నిప్పురవ్వతో పని లేకయే ఇంధనము మండును. మండిన వాయువు వ్యాకోచించి పిస్టనును బలముగా త్రోయును. ఈ పద్ధతికి 1892 ఫిబ్రవరిలో పేటెంటు కోరి మరుచటి సంవత్సరము పొందెను. తన సిద్ధాంతమును వివరించు గ్రంథమును 1893లో ప్రకటించెను.

కాగితముపై యంత్రము చక్కగా నడచెను. ఇనుముతో చేసినప్పుడు నడవలేదు. ఆగ్స్‌బర్గు యంత్రకర్మాగారము పెద్దయగు హైన్రిక్ బూట్స్, క్రుప్ సంస్థవారు ధనసహాయము చేసిరి. 1893 ఆగస్టు 10వ తేదీన మొదటి పరీక్ష జరిగెను. ఇంధనము చిమ్మినంతనే అది భగ్గున మండి, ఒత్తిడిని కొలుచు పరికరము ప్రేలి ముక్కలు ఎగిరిపడెను. చూచినవారు భయపడియుందురు, డీజిలునకు మాత్రము నిప్పు లేకయే ఇంధనము మండునని ఋజువైనందుకు ధైర్యము కలిగెను. 1894 ఫిబ్రవరి 17వ తేదీన యంత్రము తనంత తాను తిరిగెను. అదియు ఒక్క నిమిషము మాత్రమే. ఆ ఒక్క నిమిషము వెనుక మరి మూడేండ్ల శ్రమ మిగిలియుండెను. భాగములను మార్చి, పగిలినవానిని తిరిగి చేయించి, 1897 ఫిబ్రవరి 17వ తేదీన ఆచార్య ష్రోటర్ అను పండితుని యెదుట యంత్రమును పరీక్షకు నిలిపిరి. ఇంధనపు వేడిలో నూటికి 26 పాళ్లకు పైగా పనిగా మారినదని ఆయన తేల్చెను. ఆవిరియంత్రము తలయెత్తి చూడని మెట్టది.

కీర్తియు ధనమును వెంటనే వచ్చెను. అనేక దేశములవారు ఆ యంత్రమును చేయు హక్కులు కొనిరి. 1900వ సంవత్సరమున పారిస్ లో జరిగిన ప్రపంచప్రదర్శనమున దానికి మహాబహుమానము లభించెను. అదే ప్రదర్శనమున ఒక చిన్న డీజిల్ యంత్రము వేరుసెనగనూనెతో నడచెను. నేలలో పండిన గింజలనూనెతోను యంత్రములు నడపవచ్చునని ఇందుచే తేటపడెను. పెద్ద మిల్లుల పోటీకి తాళలేని చేతిపనివారికి చిన్న యంత్రము నిచ్చి నిలబెట్టవలెనని డీజిల్ ఆశయము. కాని సుఖము నిలువలేదు. పేటెంటుపై వివాదములు చెలరేగెను. అతిశ్రమచే ఆరోగ్యము చెడి చికిత్సాలయమున చేరవలసివచ్చెను. ధనమును తెలియని వ్యాపారములలో పెట్టి చాలవరకు పోగొట్టుకొనెను. యంత్రమున వేడి వృథా కానీయని మేధావి తన సంపదను వృథా కాకుండ కాపాడుకొనలేకపోయెను.

రైలును నడపుట ఆయన మరియొక కోరిక. పూర్వము తాను పని నేర్చిన సుల్జర్ సంస్థతోను, క్లోజ్ అను ఇంజనీరుతోను కలసి ఒక రైలింజనును నిర్మింపజేసెను. అది సుమారు 95 టన్నుల బరువు కలది. 1912లో వింటర్‌టూర్ నుండి రోమన్స్‌హార్న్ వఱకు గల మార్గమున దానిని నడపి చూచిరి. ఇందొక చిక్కు కలదు. ఆవిరియింజను నిలిచియున్నను బాయిలరులో ఒత్తిడి సిద్ధముగా నుండును. డ్రైవరు తలచినంతనే అది చక్రములను కదల్చును. డీజిల్ యంత్రమున అట్టి నిలువశక్తి లేదు. తాను తిరిగినగాని గాలిని నొక్కజాలదు. గాలి నొక్కబడనిదే ఇంధనము మండదు. యంత్రమును నేరుగా చక్రములకు కలిపినందున, బండిని కదల్చుటకు సీసాలలో బిగించిన గాలిని వాడవలసివచ్చెను. తరువాత ఆ యింజనును జర్మనీకి పంపిరి. అచ్చట అది తఱచు చెడిపోవుచుండుటచే దానిని ప్రక్కకు నెట్టిరి.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలము డీజిల్ బెల్జియములోని ఆంట్‌వెర్ప్ రేవున డ్రెస్డెన్ అను ఓడ యెక్కి ఇంగ్లండునకు బయలుదేరెను. రాత్రి భోజనము చేసి, ఉదయమున తన్ను లేపుమని చెప్పి గదిలోనికి పోయెను. తెల్లవారునప్పటికి గదిలో లేడు. కొన్నిదినములకు సముద్రమున ఒక దేహము కనబడెను. దానిపై దొరకిన వస్తువులను ఆయన కుమారుడు గుర్తించెను. ప్రమాదమని కొందరు, అప్పులబాధ కారణమని పెక్కురు తలచిరి. నిజము నేటికిని నిశ్చయముగా తెలియదు. అప్పటికి ఆయన వయస్సు 55 ఏండ్లు.

ఆయన విడిచిన చిక్కును ఇతరులు విడదీసిరి. యంత్రమును చక్రములకు నేరుగా కలుపక, దానిచే విద్యుత్తును పుట్టించి, ఆ విద్యుత్తుతో ఇరుసులయొద్ద నుండు మోటారులను త్రిప్పిరి. ఇట్లు చేయగా డీజిల్ యంత్రము తన వేగమున తాను తిరుగుచుండును. బండి మాత్రము నిలిచినచోటినుండి మెల్లగా, బలముగా కదలును. 1925లో అమెరికాయందలి న్యూయార్క్ నగరములో 300 అశ్వశక్తి గల యిట్టి యింజను ఒకటి షంటింగు పనికి, అనగా యార్డులో పెట్టెలను విడదీసి కూర్చు పనికి, నియమింపబడెను. పొగ వెడలు ఇంజనులను ఆ నగరపు చట్టము నిషేధించుట దానికి కలసివచ్చెను. ఆ యింజను 1957 వఱకు పనిచేసెను. 1939లో నాలుగు భాగములుగా కూర్చిన 5,400 అశ్వశక్తి గల గూడ్సు ఇంజను పదునొకండు మాసములలో అమెరికా రైలుమార్గములపై 83 వేల మైళ్లకు పైగా నడచి, పెద్ద బరువులను ఆవిరికన్న చక్కగా లాగగలదని చూపెను. 1941 నుండి దూరపుబండిని లాగుటకును యార్డులో షంటింగునకును ఒకే యింజను చాలునట్టి రకములు వెలువడెను. నేడును అమెరికాలో గూడ్సుబండ్లను లాగునవి దాదాపుగా అన్నియు డీజిల్ యింజనులే.

మన దేశమున 1957 నుండి ప్రధానమార్గములకు డీజిల్ యింజనులు దిగుమతి యయ్యెను. 1961లో వారణాసియందు కర్మాగారము స్థాపింపబడి, 1964లో తొలి యింజను వెలువడెను. విశాఖపట్టణము, కాజీపేట, గుత్తి మున్నగుచోట్ల డీజిల్ షెడ్లు వెలసి పెక్కుమంది తెలుగువారికి జీవనాధారమయ్యెను. వేరుసెనగకు పేరుపొందిన అనంతపురము సీమలోనిదే గుత్తి. నేడు మన రైలుమార్గములు దాదాపుగా అన్నియు విద్యుదీకరింపబడి, డీజిల్ యింజనుల పని తగ్గినది. మేలైనది వచ్చినప్పుడు పాతది తొలగుట సహజము. ఆవిరికి మారు వెదకిన డీజిల్ ఈ న్యాయమునే నమ్మి పనిచేసెను.

రుడాల్ఫ్ డీజిల్ జీవితమున జయమును అపజయమును కలసియున్నవి. ఒక్క నిమిషము తిరిగి ఆగిన యంత్రమును చూచి ఆయన నిరాశ చెందియుండినచో లోకమునకు ఆ మేలు కలిగెడిది కాదు. ఆయన రైలింజను ఓడిపోయినను, దాని లోపమును తెలిసికొనిన పిమ్మటివారు గమ్యము చేరిరి. ఒకరు నాటిన చెట్టు ఫలము మరియొకరు అనుభవించుట లోకమున కలదు. ఫలము తనకు దక్కునో లేదో యని చూడక, నాటుట మానకుండుటయే ఉత్తముల మార్గము.