పాల్కురికి సోమనాథుడు - పాటగా మారిన పురాణము

కోనసీమ వాసులకు దాక్షారామ భీమేశ్వరుని సన్నిధి చిరపరిచితము. గౌతమికి ఆవలనున్న ఆ క్షేత్రముననే 12వ శతాబ్దమున మల్లికార్జున పండితారాధ్యుడు జన్మించెను. ఆ మహనీయుని చరిత్ర ఇంటింటి కథగా నిలుచుటకు కారకుడు పాల్కురికి సోమనాథుడు.

సోమనాథుని జన్మస్థలము నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి యని ప్రసిద్ధి. ఆయన కాలమున సంస్కృత వృత్తములతో గూడిన పద్యగద్య కావ్యములకే పండిత గౌరవము దక్కెడిది. చదువురాని భక్తునకు అవి అందని పండ్లు. సోమనాథుడు అందరును పాడుకొనదగిన ద్విపదను చేపట్టెను. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము గల ఆ రెండు పాదముల నడక ఒకరు పాడగా పదుగురు అందుకొనుటకు అనువైనది.

భక్తుల నోట వినిన కథలను కూర్చి ఆయన ఏడు ఆశ్వాసముల బసవపురాణమును రచించెను. చాకలి మడివాలు మాచయ్య, శివునకు తల్లియైన బెజ్జమహాదేవి, పాలు కొనిపోయిన బాలిక గొడగూచి అందు బసవేశ్వరుని సరసన నిలిచిరి. వినువాడు తనవంటి వానినే ఆ కథలో చూచుకొనెను.

ఆ మార్గము అందరికిని రుచింపలేదు. ఓరుగల్లు శివాలయమున భక్తులు బసవపురాణమును వినుచుండగా వచ్చిన ప్రతాపరుద్రునితో, అది ద్విపద గనుక ప్రమాణము కాదని ఒకరు చెప్పగా రాజు వెడలిపోయెనని పిడుపర్తి సోమనాథుడు తెలిపెను. భక్తులు మాత్రము పాడుట మానలేదు.

పిమ్మట సోమనాథుడు ఐదు ప్రకరణముల పండితారాధ్య చరిత్రను ద్విపదలోనే వ్రాసెను. అందు శ్రీశైల యాత్రికులు పాడుకొను తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, వెన్నెల పదములు పేర్కొనబడినవి. నాటి జనుల పాటలకు అది అమూల్యమైన సాక్ష్యము.

పండితారాధ్యుడు బసవని భక్తికి మ్రొక్కినను తన బ్రాహ్మణాచారమును విడువలేదు. బసవని దర్శింప కల్యాణమునకు బయలుదేరి, దారిలో ఆయన లింగైక్యవార్త విని శోకించి, శ్రీశైలమునకు మరలెను. ఆచారమున భేదించి, జీవితమున కలియని ఆ ఇరువురిని సోమనాథుడు ఒకే ఛందస్సున కలిపెను. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడమున రచింపగా, తెలుగునాట కూడిన కథ బసవని నాటికే తిరిగి చేరెను. రాజు విననొల్లని పాటను రెండు భాషల ప్రజలు తమదిగా చేసికొనిరి.