ఇంటిపేరు చాటున సోఫియా

మన గోడపత్రికలో కొమురం భీం గురించి, అల్లూరి సీతారామరాజు గురించి చాలాసార్లు చదువుకున్నాం. ఈసారి నేను మీకు ఒక సంగీత విద్వాంసురాలిని పరిచయం చేస్తున్నాను. ఆమె పేరు సోఫియా. రెండు వందల ఏళ్ళ క్రితం లండన్ నగరంలో హార్ప్ వాయించి, హార్ప్ కోసం సంగీతం రాసి పేరు తెచ్చుకుంది. అయితే ఆ పేరు దగ్గరే పెద్ద చిక్కు వచ్చి పడింది. అదేమిటో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ముందు హార్ప్ అంటే ఏమిటో చెప్తాను. మనిషి ఎత్తున నిలబడే పెద్ద వాద్యం అది. అమరావతి శిల్పాల్లో విల్లులా వంగిన వీణ ఒకటి కనిపిస్తుంది. హార్ప్ ఆ జాతిదే. ఇప్పటి వీణ మీద ఒకే తీగను మెట్ల మీద నొక్కి ఎన్నో స్వరాలు పలికిస్తారు. హార్ప్‌కి మెట్లు ఉండవు. ఒక్కో స్వరానికి ఒక్కో తీగ. సోఫియా కాలంలో నలభైకి పైగా తీగలుండేవి. వాటిని పేగులతో చేసేవారు. అడుగున కాలితో తొక్కే పెడళ్ళు ఏడు. ఏడు స్వరాలకి ఏడన్నమాట. ఒక పెడల్ తొక్కితే ఆ స్వరం తీగలన్నీ ఒకేసారి అర స్వరం పైకి పోతాయి. అంటే రెండు చేతులూ తీగల మీద, రెండు కాళ్ళూ పెడళ్ళ మీద పని చెయ్యాలి. చూడ్డానికి సుకుమారంగా ఉంటుంది గానీ ఒళ్ళంతా కష్టపడే విద్య!

సోఫియా 1775 మే 1వ తేదీన స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టింది. తండ్రి డొమెనికో కోరి ఇటలీవాడు. రోమ్‌లో పుట్టి, నేపుల్స్‌లో సంగీతం నేర్చుకుని, 1771లో బతుకుతెరువు కోసం ఎడిన్‌బరో వచ్చాడు. పాట నేర్పేవాడు, కచేరీలు పెట్టించేవాడు, సంగీతం అచ్చు వేసి అమ్మేవాడు. అప్పుడు రేడియోలు, క్యాసెట్లు ఎక్కడివి? పాట కావాలంటే స్వరాలు అచ్చేసిన కాగితాలు కొనుక్కుని ఇంట్లో వాయించుకోవాల్సిందే. సోఫియాకి తండ్రే మొదటి గురువు. చిన్నప్పుడే పదిమంది ముందు పియానో వాయించింది.

తర్వాత కుటుంబం లండన్ చేరింది. 1791లో సాలమన్ అనే ఆయన నడిపే కచేరీల్లో సోఫియా గాయనిగా అడుగుపెట్టింది. అప్పటికి ఆమెకి పదహారేళ్ళు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మహా సంగీతకారుడు హైడన్ ఆ ఏడాది ఆ కచేరీలకే కొత్త సంగీతం రాశాడు. హైడన్, మోజార్ట్, బీథోవెన్‌ల ఆ కాలాన్నే పాశ్చాత్య సంగీతంలో క్లాసికల్ యుగం అంటారు.

1792లో ఆమెకి పెళ్ళయింది. భర్త యాన్ లాడిస్లావ్ డుసెక్. ఇప్పటి చెక్ దేశం ప్రాంతంవాడు, యూరప్ అంతా తిరిగిన గొప్ప పియానో విద్వాంసుడు. వయసులో ఆమెకన్నా పదిహేనేళ్ళు పెద్ద. దాంతో సోఫియా కోరి కాస్తా మేడమ్ డుసెక్ అయింది. పెళ్ళయ్యాక ఊరుకోలేదు. కచేరీల్లో పాడింది, పియానో వాయించింది, హార్ప్ వాయించింది. సెబాస్టియన్ ఎరార్ అనే పనివాడు ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చాక లండన్‌కి వచ్చి, 1794లో మెరుగైన హార్ప్‌కి పేటెంట్ తీసుకున్నాడు. లండన్‌లో హార్ప్‌కి మంచి రోజులవి. అట్లాంటి రోజుల్లో సోఫియా హార్ప్‌కి, పియానోకి సొనాటాలు రాసింది. సొనాటా అంటే రెండు మూడు భాగాలుండే వాద్య సంగీత రచన.

ఇక కష్టాలు. మామా అల్లుళ్ళు కలిసి కోరి, డుసెక్ అండ్ కంపెనీ అని సంగీతం అచ్చు వేసే వ్యాపారం పెట్టారు. అది నడవలేదు. అప్పులు మీద పడ్డాయి. 1799 ప్రాంతంలో డుసెక్ దేశం వదిలి జర్మనీలోని హాంబర్గ్ పారిపోయాడు. తండ్రి కోరి అప్పులకింద జైలుపాలయ్యాడు. సోఫియాకి ఇటు తండ్రి జైల్లో, అటు భర్త పరదేశంలో, చేతిలో ఒలీవియా అనే చిన్న పాప. డుసెక్ మళ్ళీ ఇంగ్లాండ్‌కి రానేలేదు. 1812లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు.

సోఫియా మాత్రం విద్యను వదల్లేదు. కూతురికి పియానో, హార్ప్ తానే నేర్పింది. ఆ ఒలీవియా పెద్దయ్యాక తనూ హార్ప్ విద్వాంసురాలై, సంగీతం రాసింది. సోఫియా మొరాల్ట్ అనే వయోలా వాద్యకారుణ్ణి పెళ్ళి చేసుకుని, లండన్ పక్కనున్న పాడింగ్టన్‌లో సంగీత పాఠశాల పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఆమె హార్ప్ సొనాటాల్లో సి మైనర్ అనే స్వరవరుసలో ఉన్న ఒక చిన్న రచన ఉంది. మూడు భాగాలు. ఆ కాలపు హార్ప్‌ని శ్రుతి చేసే తీరుకి ఆ స్వరవరుస చక్కగా కుదురుతుంది. చేతులకీ అనువుగా ఉంటుంది. హార్ప్ వాయించడం తెలిసినవాళ్ళు రాసిందని తెలిసిపోతుంది. ఇప్పటికీ ప్రపంచంలో హార్ప్ నేర్చుకునే పిల్లలు ఎంతోమంది దాన్ని వాయిస్తారు. కానీ చాలాకాలం ఆ సొనాటా మీద ఎవరి పేరుందో తెలుసా? భర్త పేరు!

ఆమె రచనలు మేడమ్ డుసెక్ అనే పేరుతో అచ్చయ్యేవి. తర్వాత మేడమ్ జారిపోయి డుసెక్ ఒక్కటే మిగిలింది. డుసెక్ అనగానే జనానికి గుర్తొచ్చేది ఆయనే. పైగా ఆయనా హార్ప్‌కి సంగీతం రాశాడు. ఇంకెవరికి అనుమానం వస్తుంది? 20వ శతాబ్దంలో అచ్చయిన పుస్తకాల మీద కూడా ఆయన పేరే వేశారు. పరిశోధకులు పాత సంగతులు తవ్వి తీశాకే అది సోఫియా రాసిందని లోకం ఒప్పుకుంది. ఇప్పటికీ కొన్నిచోట్ల పాత పేరుతోనే చలామణీ అవుతోంది.

ఇందులో దొంగ ఎవరూ లేరు. అదే నన్ను ఆలోచింపజేసింది. సోఫియా పేరు ఎవరో పగబట్టి కొట్టేయలేదు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటి కావడంతో చిన్నపేరు పెద్దపేరు చాటుకి పోయింది, అంతే. అప్పుల్లో, ఒంటరితనంలో కూడా నిలబడిన మనిషి, ఒక్క ఇంటిపేరు దగ్గర ఓడిపోయింది.

కాబట్టి మిత్రులకీ, వార్డెన్ సార్‌కీ నాదొక మనవి. మన పత్రికలో వ్యాసం ఒకరు రాస్తారు, దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసేది ఇంకొకరు, చుట్టూ పూలూ ఆకులూ గీసేది మరొకరు. కింద మాత్రం ఒక్క పేరే ఉంటుంది, అది కూడా ఒక్కోసారి ఇంటిపేరూ, రోల్ నెంబరూ. వచ్చే సంచిక నుంచి ముగ్గురి పేర్లూ పూర్తిగా వెయ్యండి. మా చెల్లెళ్ళ పేర్లు మరీ మరీ వెయ్యండి. పెళ్ళయి ఇంటిపేరు మారినా, ఈ రాత, ఈ బొమ్మ ఎవరివో తెలియాలి కదా. కాగితం మీద రెండు వేళ్ళ చోటు చాలు!