కొండా వేంకట రంగారెడ్డి

పట్టణవాసి యొకడు పల్లెకు వచ్చి, వడ్లు కాయు చెట్టును చూపుమని యడిగెనట. ఆ చెట్టు కలపతో ద్వారబంధములు చేయించుకొనవచ్చునా యనియు అడిగెనట! ఇట్టి కథలు చెప్పుకొని నవ్వని పల్లె తెలుగునాట లేదు.

అయితే ఆ రైతే నిజాము రాజ్యములో కచేరి గడప త్రొక్కినచో నవ్వు మాయమయ్యెడిది. అచట రాజభాష ఉర్దూ. తన భూమి కాగితము తానే చదువలేక, వానవాసన పసిగట్టగల ఆ జ్ఞాని అజ్ఞానివలె నిలువవలసి వచ్చెడిది.

ఈ రెండు లోకములను ఎఱిగిన వకీలు కొండా వేంకట రంగారెడ్డి. ఆయన 1890వ సంవత్సరమున మొయినాబాదు సమీపమందలి పెద్దమంగళారమున జన్మించెను. ఆయన యౌవనకాలముననే, 1908వ సంవత్సరపు మూసీ వరదల పిమ్మట, ఆ ప్రాంతమున ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు వెలసినవి. చేవెళ్ల, మొయినాబాదు పొలములపై కురిసిన వాననీరే నగరమునకు త్రాగునీ రయ్యెను. త్రాగువారిలో ఆ సంగతి తలచినవారు తక్కువ.

1921వ సంవత్సరమున హైదరాబాదులో జరిగిన యొక సభలో తెలుగున మాటాడిన వక్తను కొందఱు కేకలతో కూర్చుండబెట్టిరి. ఆ అవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టెను. అదియే పెరిగి ఆంధ్ర మహాసభ యయ్యెను. 1936లో షాద్‌నగరున జరిగిన ఐదవ మహాసభకు రంగారెడ్డి యధ్యక్షుడు.

తరువాత ఆయన మంత్రియు నయ్యెను. విశాలాంధ్రకంటె ప్రత్యేక తెలంగాణమునే ఆయన కోరెను. అయినను 1956 ఫిబ్రవరి 20వ తేదీన పెద్దమనుషుల ఒప్పందముపై సంతకము చేసిన తెలంగాణ నాయకులలో ఆయన యొకడు. తెలంగాణమున సాగుభూముల విక్రయము ప్రాంతీయ మండలి యదుపున నుండవలెనను నియమము అందు కలదు. చేతిలో డబ్బుండి దూరమునుండి వచ్చువానికి భూమి సరకు. దున్నువానికి అది ఇంటి బిడ్డ. ఆ నియమము వెనుకనున్న భయ మదియే. ఆ యొప్పందము సరిగా సాగలేదను బాధ తెలంగాణమున చాలకాలము నిలిచెను. రంగారెడ్డి మాత్రము కొంతకాలమునకు ఉపముఖ్యమంత్రి యయ్యెను.

ఆయన 1970లో మరణించెను. 1978లో నగరము చుట్టునున్న పల్లెలతో ఏర్పడిన జిల్లాకు పిదప ఆయన పేరు పెట్టిరి. చేవెళ్ల, మొయినాబాదు నేడును ఆ జిల్లాలోనివే.

నేను ప్రధానోపాధ్యాయుడనై యుండగా, ఆ జిల్లా పేరును తప్పులేకుండ వ్రాసిన నగరబాలు డొకడు మాతో విహారయాత్రకు వచ్చెను. దారిలో వరిమడిని చూచి, ఇంత గడ్డిని ఎవరును కోయకుండ ఏల విడిచిరని నన్ను అడిగెను.