యల్లాప్రగడ సుబ్బారావు: చిగుళ్లదాకా వచ్చిన మందు కథ

భిలాయి ఉక్కు పట్టణంలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో పళ్లకు, చిగుళ్లకు గుడాఖు రుద్దుకునే అలవాటు విస్తారం. అది పొగాకు, బెల్లం మడ్డితో చేసే ముద్ద. చిగుళ్లు వాచి రక్తం కారితే, డాక్టరు దగ్గరికి వెళ్లకుండా యాంటీబయాటిక్ కొని మింగేవాళ్లు అన్ని ఊళ్లలోనూ కనిపిస్తారు. ఆ మాత్రలలో ఒక ముఖ్యమైన కుటుంబం పుట్టింది ఒక తెలుగు శాస్త్రవేత్త సారథ్యంలోనే.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులిద్దరు రోజుల తేడాతో స్ప్రూ వ్యాధితో చనిపోయారు. నాలుక, నోరు పూసి, తిన్నది ఒంటపట్టక మనిషి శుష్కించిపోయే జబ్బు అది. తర్వాత అది ఆయన్నూ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించినందుకు ఒక ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరుల్ని మింగిన స్ప్రూకు అది మందైంది.

ఆయన పరిశోధనా విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. అది 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్‌ను ముదిరిన చిగుళ్ల వ్యాధిలో దంతవైద్యులు వాడుతున్నారు. 20 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో అది బ్యాక్టీరియాను చంపదు. పంటిని పట్టి ఉంచే కొల్లాజెన్‌ను తినేసే ఎంజైమును అడ్డుకుంటుంది. అయితే అది పళ్లు శుభ్రం చేశాక ఇచ్చే తోడు మందు మాత్రమే. గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు ఈ మందులు సాధారణంగా ఇవ్వరు. ఇస్తే పిల్లల పళ్లపై శాశ్వతంగా మరకలు పడవచ్చు.

మామూలు చిగుళ్ల వాపుకు మాత్రే అక్కర్లేదు. దాని మూలం పళ్లను అంటుకున్న పాచి. ఆ పొరలో బ్యాక్టీరియా గూడు కట్టుకుని ఉంటుంది కనుక మందు లోపలికి సరిగా చేరదు. రుద్ది తీయాల్సిందే. తీయకపోతే గట్టిపడి గార అవుతుంది. అప్పుడు దంతవైద్యుడు గీకి తీయాలి. రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో చిగుళ్ల అంచుదాకా తోమి, పళ్ల సందులు శుభ్రం చేసుకుంటే తొలిదశ వాపు సాధారణంగా కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. గుడాఖు మాత్రం చిగుళ్లను దిగజార్చి, నోటి క్యాన్సర్ ముప్పు తెస్తుంది.

సుబ్బారావు ప్రయోగశాల ఇచ్చిన మందు ప్రాణాలు నిలబెట్టింది. బ్రష్ చేయాల్సిన పనికి దాన్ని వాడితే, నిజంగా అవసరమైన రోజున అది పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది.