జ్వరం తగ్గాక మిగిలిన దిగులు

మూడేళ్ళ క్రితం నాకు వైరల్ జ్వరం వచ్చింది. వారానికి తగ్గింది. దిగులు మాత్రం రెండు నెలలైనా పోలేదు. పోపు వేస్తూ వేస్తూ ఊరికే ఏడ్చేదాన్ని. జ్వరం తగ్గిపోయిందిగా, ఇంకా ఏమిటీ నీరసం అనేవారు ఇంట్లోవాళ్ళు. నాకే తెలీనిది వాళ్ళకేం చెప్పను?

ఆ రోజుల్లోనే వర్జీనియా ఉల్ఫ్ జీవితం చదివాను. ఇంగ్లీషు నవలకి కొత్త దారి చూపిన మనిషి ఇదే బాధ ఎన్నోసార్లు పడిందని తెలిసి ఆశ్చర్యపోయాను.

ఆమె 1882 జనవరి 25న లండన్‌లో పుట్టింది. తల్లి జూలియా పుట్టింది మన కలకత్తాలో. 1895లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి, ఆ తర్వాత ఇక కోలుకోలేక ఆ తల్లి కన్నుమూసింది. పదమూడేళ్ళ వర్జీనియాకు మనసు మొదటిసారి చెదిరింది అప్పుడే. 1904లో తండ్రి పోయాక మరోసారి. 1912లో లెనార్డ్ ఉల్ఫ్‌ని పెళ్ళాడింది. మరుసటి ఏడే జబ్బు తిరగబెట్టింది. కాబట్టి ఆమె మనోవ్యాధికంతా ఫ్లూయే కారణమనలేం. కానీ ఫ్లూ వచ్చి వెళ్ళినప్పుడల్లా తలనొప్పి, నిద్రలేమి, దిగులు... మానిన పుండు మళ్ళీ రేగినట్టయ్యేది.

1922 మొదట్లో వచ్చిన ఫ్లూ వారాల తరబడి మంచాన పడేసింది. గుండెలో తేడా ఉందన్నారు డాక్టర్లు. జ్వరం విడవకపోతే జబ్బు పళ్ళల్లో ఉందేమోనని పళ్ళు కూడా పీకేశారు! పాలు తాగు, పడుకో, రాయకు - ఇదీ ఆనాటి వైద్యం. రాయొద్దనడమే ఆమెకు పెద్ద శిక్ష. సిలోన్‌లో ఉద్యోగం చేసొచ్చిన లెనార్డ్, ఆమె ఆరోగ్యం సంగతులు డైరీలో తమిళ, సింహళ అక్షరాలతో గుట్టుగా రాసుకునేవాడట.

ఈ అనుభవమంతా ఊరికే పోలేదు. 1925లో వచ్చిన 'మిసెస్ డాలోవే' నవలలో క్లారిస్సా యాభై దాటిన ఇల్లాలు. ఫ్లూతో గుండె నలిగినా, లేచి పూలు కొనడానికి వీధిలోకి వెళ్తుంది. అదే నవలలో యుద్ధంనుంచి వచ్చి మతి చెదిరిన సెప్టిమస్‌కి ఏ జబ్బూ లేదంటాడు డాక్టరు. అక్కడ నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. ఆ ఏడాదే ఆమె మళ్ళీ మంచాన పడింది. జబ్బుపడడం గురించి ఒక వ్యాసం రాసింది. అది 1926లో అచ్చయింది. ప్రేమ గురించీ యుద్ధం గురించీ ఇంత రాసినవాళ్ళు జబ్బు గురించి ఎందుకు రాయలేదన్నది ఆమె ప్రశ్న.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆమె పడుకుంటే వంటకి నెల్లీ బాక్సాల్ అనే మనిషి ఉండేది. మనలో ఎంతమందికి ఉంది ఆ వీలు?

మళ్ళీ ఆ జబ్బు మొదలవుతోందన్న భయంతో 1941 మార్చి 28న, యాభై తొమ్మిదో ఏట, ఆమె ప్రాణం తీసుకుంది. ఇవాళున్న మందులు అప్పుడు లేవు. వైరల్ జ్వరం తర్వాత నీరసం, దిగులు చాలాకాలం ఉండొచ్చని ఇవాళ డాక్టర్లే చెబుతున్నారు. నేనూ సిగ్గు విడిచి డాక్టరుకి చెప్పుకున్నాను. తేరుకున్నాను.

ఇప్పుడు ఎవరైనా జ్వరంనుంచి లేస్తే ఒళ్ళెలా ఉందని అడిగి ఊరుకోను. మనసెలా ఉందనీ అడుగుతాను.