దామెర్ల రామారావు గారి రేఖ

బుక్కపట్నము, పెనుగొండ, హిందూపురము ప్రాంతములవారికి చిత్రకళ క్రొత్తది కాదు. లేపాక్షి వీరభద్రాలయ మండపముల పైకప్పులందు అచ్యుతదేవరాయల కాలపు చిత్రకారులు దిద్దిన స్త్రీమూర్తులను వారు తరతరములుగా చూచుచున్నారు. అందు నీడ స్వల్పము, రంగు పరిమితము; రేఖయే ప్రాణము. అట్టి కళ అడుగంటి, తెలుగువారి చిత్రమనగా నేమని యడిగిన బదులు దొరకని దినములలో ఆ ప్రశ్నకు తన జీవితమునే బదులుగా నొసంగినవారు దామెర్ల రామారావు గారు.

1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున వీరు జన్మించిరి. అచటి ప్రభుత్వ కళాశాలాధ్యక్షులగు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు ఈ బాలుని చేతి నేర్పును కనిపెట్టి ప్రోత్సహించిరి. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నము గారలును ఆ దొరగారి చేరదీతకు పాత్రులే. వారి పూనికచేతనే 1916లో రామారావు గారు బొంబాయి జె.జె. కళాశాలలో ప్రవేశించి, 1920లో విద్య ముగించిరి.

ఎదుట నిలిచిన మనుష్యుని చూచి శరీరనిర్మాణమును గీయు సాధన వీరికి అలవడినది. స్త్రీశరీరమును చిత్రించుటయే దోషమని తలంచువారు ఆనాటి మన సంఘమున కొల్లలు. వీరు వెరవలేదు, అట్లని విచ్చలవిడితనమునకు లోనుగాలేదు. పాశ్చాత్యశిక్షణ నేర్పిన కొలతను విడువక, దానిపై భారతీయమగు రేఖాలయను నిలిపిరి. పుష్పాలంకారము, సిద్ధార్థ రాగోదయము, ఋష్యశృంగ బంధనము మొదలగు చిత్రములందు స్త్రీ కేవలము అలంకారవస్తువు కాదు. ఆమె నడుము వంపు, చేతుల కదలిక, నిలుకడ యివియే చిత్రమునకు కట్టడము. తరువాతి తరముల నైరూప్య చిత్రకారులు ముఖమును, నగలను విడిచి, రంగుతోపాటు కాగితమును, ఇసుకను, గుడ్డను అతికించి స్త్రీరూపపు వంపును మాత్రమే నిలిపిరి. రామారావు గారు అంతదూరము పోలేదు. అయినను పోలికకంటె లయ ముఖ్యమను సత్యమును తెలుగునాట ముందుగా ఆచరించి చూపినవారిలో వీరగ్రగణ్యులు.

స్వస్థలమునకు మరలి రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పిరి. వీరి భార్య సత్యవాణి గారును, సోదరి బుచ్చికృష్ణమ్మ గారును చిత్రకారిణులే. స్త్రీ చిత్రమునకు వస్తువగుట ఒక యెత్తు. కుంచె తానే పట్టుట వేరొక యెత్తు. ఈ రెండును ఒకే యింట జరిగినవి. 1924లో వీరి చిత్రములు ఇంగ్లండునందలి వెంబ్లీ ప్రదర్శనమువరకు పోయినవి.

మరుసటి యేడే 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికము వీరిని కబళించినది. ఇరువదియెనిమిదవ యేడు నిండుటకు ఇంకను నెలదినములు కొదువ! వరదా వెంకటరత్నము గారు మిత్రుని పాఠశాలను చేపట్టి నడపిరి. వీరి చిత్రములు రాజమహేంద్రవరమునందలి వీరి పేరిటి చిత్రశాలలో భద్రపరుపబడినవి.

పట్టుమని అయిదేండ్లు లేని కృషి ఒక జాతికి త్రోవ చూపినది. లేపాక్షి కప్పును తలయెత్తి చూచిన కన్ను గోదావరి యొడ్డున ఈ చిత్రములనుగూడ చూడవలెను. గోడపై రంగు పెచ్చులూడుటకును, కాగితముపై రంగు వెలియుటకును కాలము చాలును. కాపాడుటకు మాత్రము మనుష్యులు కావలెను. ఆ బాధ్యత మనది.