డేవిడ్ వాంక్లిన్

కలకత్తా నగరమున ఖిదిర్‌పూర్ అను రేవు ప్రాంతము కలదు. 1911వ సంవత్సరము జూన్ 28వ తేదీన అచట ఒక బ్రిటిష్ కుటుంబమున మాల్కం డేవిడ్ వాంక్లిన్ జన్మించెను. బాలుడై యుండగనే అతడు ఇంగ్లండులోని డార్ట్‌మత్ నౌకా కళాశాలలో చేరెను. 1933లో జలాంతర్గాముల శాఖలో ప్రవేశించెను. అతడు పొడగరి, మితభాషి. తీరిక చిక్కినచో గాలము చేతబట్టి చేపలు పట్టుట అతనికి ప్రీతి.

రెండవ ప్రపంచ యుద్ధము సాగుచున్న 1940లో అప్‌హోల్డర్ అను క్రొత్త జలాంతర్గామికి అతడు అధిపతి యయ్యెను. అది చిన్న నౌక. పొడవు సుమారు 58 మీటర్లు; సిబ్బంది ముప్పదిమందికి పైచిలుకు. 1941 జనవరిలో అది మాల్టా ద్వీపము చేరెను. మాల్టా ఇటలీకిని ఆఫ్రికాకును నడుమ నున్నది. లిబియాలో పోరాడుచున్న జర్మను, ఇటాలియను సేనలకు సైనికులు, ఆయుధములు, పెట్రోలు మొదలగునవన్నియు ఆ సముద్రము దాటి పోవలసి యుండెను. ఆ ఓడలను అడ్డగించుటయే మాల్టాలోని జలాంతర్గాముల పని.

ఆరంభమున వాంక్లినుకు అదృష్టము కలిసిరాలేదు. మొదటి యాత్రలో ఒక ఓడను దెబ్బతీసెను గాని, పిమ్మట అతని టార్పెడోలు వరుసగా గురి తప్పెను. టార్పెడో తుపాకి గుండు వంటిది కాదు. నీటిలో మైలు దూరము పోవుటకు దానికి నిమిషమునకు పైగా పట్టును. ఆ లోపల ఓడ ముందునకు సాగిపోవును. కావున పెరిస్కోపులో కొన్ని క్షణములు మాత్రమే చూచి, ఓడ వేగమును, దిశను, దూరమును అంచనా కట్టి, అది రాబోవు చోటికి గురిపెట్టవలెను. ఒక్క అంచనా తప్పినను శ్రమ యంతయు వృథా. పైగా మాల్టాలో టార్పెడోలకు కొరత. ఇట్టి అధికారిని ఇంకను కొనసాగించుట తగునా యని దళాధిపతి సింప్సన్ ఆలోచనలో పడెను. అయినను అతనికి మరియొక అవకాశ మిచ్చెను. యుద్ధకాలమున అది తేలికగా తీసికొనదగిన నిర్ణయము కాదు.

ఏప్రిల్ నెలాఖరున గురి కుదిరెను. శత్రువుల ఓడలు ఒకటి వెంట నొకటి దెబ్బతినసాగెను.

మే 24వ తేదీ సాయంకాలము సిసిలీ తీరమున సైనికులతో పోవుచున్న ఓడల బారు కనబడెను. చుట్టును విధ్వంసక నౌకలు కాపలా కాయుచుండెను. చీకటి పడుచుండుటచే పెరిస్కోపులో సరిగా కానరాదు. నీటిపైకి తేలినచో శత్రువుల కంటబడుట తథ్యము. శత్రునౌకల చప్పుడు వినిపించు యంత్రమా, అంతకు మునుపే చెడిపోయి యుండెను. కన్నును చెవియు లేనివానివలె వాంక్లిన్ ముందునకు సాగెను. టార్పెడోలు విడువబోవు సమయమున ఒక విధ్వంసక నౌక చీకటిలోనుండి మీదికి దూసికొని వచ్చెను. త్రుటిలో తప్పించుకొని అతడు టార్పెడోలు ప్రయోగించెను. దాదాపు పదునెనిమిది వేల టన్నుల కోంతె రోసో అను ఓడ మునిగిపోయెను. తరువాతి ఇరువది నిమిషములలో జలాంతర్గామి చుట్టును 37 జలబాంబులు ప్రేలెను. వాంక్లిన్ చలింపక, నౌకను మెల్లగా ప్రక్కకు నడిపించి మాల్టాకు చేర్చెను.

ఆ రాత్రి ఓడతోపాటు సుమారు 1,300 మంది ఇటాలియనులు జలసమాధి యైరి. వారును తల్లులు కన్న బిడ్డలే. యుద్ధమున ఒకరి విజయవార్త మరియొకరి యింట రోదనమగును.

సెప్టెంబరు 18వ తేదీ తెల్లవారకముందు నెప్ట్యూనియా, ఓషియానియా అను రెండు పెద్ద ఓడలు ఎదురయ్యెను. ఈసారి జలాంతర్గామిలోని ముఖ్యమైన దిక్సూచి పనిచేయలేదు. నౌక ముక్కు అటునిటు ఊగుచుండెను. వాంక్లిన్ ఆ ఊపునే అనువుగా మార్చుకొని, ముక్కు గురివైపునకు తిరిగినప్పుడెల్ల ఒక్కొక్క టార్పెడో విడిచెను. రెండు ఓడలకును దెబ్బ తగిలెను. నెప్ట్యూనియా మునిగెను, కదలలేక నిలిచిన ఓషియానియాను తెల్లవారిన పిదప తిరిగివచ్చి ముంచెను. వానిలోని సైనికులలో అత్యధికులను వెంటనున్న నౌకలు రక్షింపగలిగెను.

1941 డిసెంబరులో బ్రిటిష్ ప్రభుత్వము కోంతె రోసోపై జరిపిన దాడికిగాను అతనికి విక్టోరియా క్రాస్ పతకము ప్రకటించెను. ఆ యుద్ధమున దానిని పొందిన తొలి జలాంతర్గామి నావికుడు అతడే. అటుపిమ్మటను యాత్రలు ఆగలేదు. 1942లో రెండు ఇటాలియను జలాంతర్గాములను సైతము అతడు ముంచెను.

1942 ఏప్రిల్ 6వ తేదీన అప్‌హోల్డర్ ఇరువదియైదవ యాత్రకు బయలుదేరెను. అది ముగిసిన పిదప స్వదేశమునకు మరలవలసి యుండెను. అచట అతనికై భార్యయు, చిన్న కుమారుడును ఎదురుచూచుచుండిరి. దారిలో ఒక సైనికాధికారిని మరియొక జలాంతర్గామిలోనికి ఎక్కించి, అప్‌హోల్డర్ తన దారిని సాగిపోయెను. తరువాత అది మాల్టాకు తిరిగి రాలేదు. ఏప్రిల్ 14వ తేదీన పెగాసో అను ఇటాలియను యుద్ధనౌక దానిని ముంచెనని కొందరు తలంచిరి గాని, అది నిర్ధారణ కాలేదు. వాంక్లినుకు అప్పటికి ముప్పది యొకటవ యేడు నిండలేదు.

ఆగస్టులో బ్రిటిష్ నౌకాశాఖ ఆ నౌక నష్టమైనదని లోకమునకు తెలిపెను. ఒక్క నౌకను ప్రత్యేకముగా పొగడుట ఆ శాఖకు అలవాటు కాదు. ఆనాడు మాత్రము ఆ నియమమును సడలించెను. 1986లో జలప్రవేశము చేసిన మరియొక బ్రిటిష్ జలాంతర్గామికి అప్‌హోల్డర్ అను పేరునే పెట్టిరి.